పుర్రచేతి బొమ్మ

కాకినాడ బస్సులో ఆ పూట కూడా అందరి నొసళ్ల మీదా పట్టీలున్నాయి. ఎవరి పలకలో వాళ్లు కవితో, చిన్న కథో చదువుకుంటున్నారు. చదివేవాళ్ల మనసులో ఏది మెదిలితే అదే పక్కన బొమ్మగా దిగుతోంది. ఈ భావలేఖిని వచ్చాక పత్రికలకు చిత్రకారులతో పని తీరిపోయింది. సుభాషిణి ఒక్కతే పట్టీ పెట్టుకోలేదు. ఆమె వెళ్తోంది చిత్రకారుడు కామేశం సన్మానానికి, ఇన్నేళ్ల కక్షా కడుపులో పెట్టుకుని.

ఒకప్పుడు కవితలకు బొమ్మలు వేసింది ఆమె. పత్రికలవాళ్లతో మాట్లాడి, కింద సంతకం పెట్టుకున్నది కామేశం. వచ్చే సంచికలో ఇద్దరి పేర్లూ వేయిస్తానని అంటూనే ఉండేవాడు. ఆ సంచిక రానే లేదు. గట్టిగా నిలదీస్తే, ఈవిడ నాకు రంగులు కలిపిపెట్టేదని నలుగురికీ చెప్పుకున్నాడు. ఆ మాట ఆమెను ఇప్పటికీ మండిస్తుంది.

సన్మానాల్లో ఇప్పుడో ఆనవాయితీ ఉంది. సన్మానం పొందేవారు అంతకుముందు చూడని కవిత ఒకటి పట్టీ కట్టుకుని చదవాలి. బొమ్మ గోడంతా పరుచుకుంటుంది. భావలేఖినికి మొహమాటం లేదు, మనసులో ఉన్నదున్నట్టు వేస్తుంది. అందుకే సుభాషిణి మారుపేరుతో ఒక కవిత పంపింది. వాన, కిటికీ, బల్ల, బల్ల దగ్గర బొమ్మ వేస్తున్న ఒక మనిషి. అంతే. చదివాడా, అతని మనసులో మెదిలే సుభాషిణి గోడకెక్కక తప్పదు. నిర్వాహకులకు కవిత నచ్చింది.

వేదిక మీద పట్టీ కట్టుకుని కామేశం ఆ కవిత చదివాడు. గోడ మీద వాన మొదలైంది. కిటికీ వచ్చింది, సిరామరకల బల్ల వచ్చింది. బల్ల ముందు కామేశమే కూర్చుని ఉన్నాడు.

హాలు చప్పట్లతో మారుమోగింది. సుభాషిణికి సంగతి తెలిసివచ్చింది. చెప్పీ చెప్పీ తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. యంత్రం ఆ నమ్మకాన్ని నిజాయితీగా వేసిపెట్టింది. దాన్ని తయారుచేసినవాళ్లకు ఇలాంటి మనిషి ఉంటాడని తట్టనే లేదు.

అప్పుడు బొమ్మలో చెయ్యి దిగింది. కుంచె పట్టింది ఎడమచెయ్యి. సన్నటి వేళ్లు, ఆకుపచ్చ గాజులు, మణికట్టు మీద నూనె చిట్లి కాలిన మచ్చ. ఏళ్ల తరబడి పక్కన నిలబడి చూసిన చెయ్యి మరి. మొహమైతే మార్చుకున్నాడు గానీ, చెయ్యి మార్చడం అతని వల్ల కాలేదు.

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో నవ్వారు. సుభాషిణి వేదికెక్కి, తన పుర్రచెయ్యి గోడకేసి ఎత్తిపట్టింది. మచ్చ పక్కన మచ్చ. నవ్వు హాలంతా పాకుతుంటే ఆమెకు కడుపు నిండినట్టయింది.

కామేశం జనాన్ని చూడటం లేదు. గోడనీ తన చేతులనీ మార్చి మార్చి చూసుకుంటున్నాడు. భుజం మీది శాలువా జారిపోయింది.

"సుభాషిణి గారూ, బొమ్మలు మీరే వేశారా?" అన్నాడు. "మరి ఆ రోజుల్లో నేనేం చేసేవాణ్ణండీ?"

నిజంగానే అడుగుతున్నాడు. ఇంకొకరైతే జాలిపడేవారు. ఆమె పడలేదు.

"కిటికీ దగ్గర నిలబడి, అయ్యిందా, అయ్యిందా అని అడిగేవారండి," అంది మైకు దగ్గరకు జరిగి.

పట్టీ ఇంకా అతని నొసటనే ఉంది. గోడ మీద, బల్ల ముందున్న మనిషి మెల్లగా చెరిగిపోయి, కిటికీ పక్కన ఉత్త చేతులతో మళ్లీ రూపుకడుతున్నాడు. ఆ బొమ్మ పూర్తయ్యేదాకా సుభాషిణి చెయ్యి దించలేదు.