రెండుసార్లే పిలిచింది

"వీరేశా... వీరేశా..."

మా గల్లీ చివర నుంచి వచ్చింది ఆ కేక. రెండే రెండుసార్లు. తర్వాత — ఏం లేదు.

నేను దుకాణంల అల్లం బస్తా మూతి కుడుతున్న. కరెంటు పోయి పది నిమిషాలైంది. సెల్లు లైటు పండ్ల మధ్య పట్టుకొని కుడుతుంటే, ఆ గొంతు విని సూది ఆగిపోయింది. 'ఎవరూ' అందామని సెల్లు నోట్ల నుంచి తీసిన. ఎదురుంగ కిరాణం నర్సప్ప కొవ్వొత్తి పట్టుకొని నిలబడ్డడు. ఉఫ్ మని ఆర్పేసిండు.

"పలకకు..." అన్నడు మెల్లగ. "లెక్కపెట్టు."

మీది జహీరాబాద్ కాకపోతే ఈ లెక్కేందో మీకు తెల్వదు. చెప్త.

మా గల్లీ దాటితే బెల్లం షెడ్డు మైదానం. షెడ్డు కూలిపోయి ఎన్నేండ్లాయెనో, పేరొక్కటి మిగిలింది. యేడాదికోసారి ఎగ్జిబిషన్ వస్తది — జెయింట్ వీలు, మిర్చి బజ్జీలు, ప్లాస్టిక్ పూలు. పగలు అందరం పోతం. చీకటి పడి, లైట్లు లేకపోతే మాత్రం... ఆ దిక్కు మొఖం పెట్టం.

ఎందుకంటే, మా నాయిన చిన్నగున్నప్పుడు అక్కడ కట్టె రంగులరాట్నం ఉండేదట. ఒకామె తన బిడ్డను ఒక్కదాన్నే ఎక్కించి, గాజులు బేరం చేస్కుంట నిలబడ్డది. బిడ్డ పై నుంచి జారింది. తల్లి ఉరికింది. బిడ్డ పేరు పెట్టి ఒకసారి పిలిచింది... రెండోసారి పిలిచింది... మూడోసారికి నోరు తెరిచి, అట్లనే పడిపోయిందట.

అప్పటి నుంచి ఆమె పిలుస్తనే ఉంటది. ఎవరిని పిలిచినా రెండుసార్లే. మనకు బాగ తెలిసిన గొంతుతోనే పిలుస్తది. మనం 'ఓ' అన్నమో — మనింట్ల చిన్నపిల్లలను తీస్కపోతది. మనిషైతే మూడోసారి పిలుస్తడు. అందుకే ఆ దిక్కు నుంచి పిలుపొస్తే మా గల్లీల ఎవరం పలకం. లెక్కపెడ్తం.

"ఒకటి... రెండు..." అనుకుంట నిలబడ్డం నేనూ, నర్సప్పా.

మూడోది రాలే.

ఇగ మైదానంల ఏమైందంటే — ఇది వీరేశ్ తన నోటితోని చెప్పిందే.

వీరేశ్‌ది ట్రాక్టర్ ఫ్యాక్టరీల కొలువు. మంచోడు, ఒక్కటే బీమారి — ఎత్తు పడదు. నిచ్చెన మీద రెండు మెట్లెక్కితే కండ్లు తిరుగుతయ్. జెయింట్ వీలు తిరిగేది కింది నుంచి కూడ చూడలేడు. పిల్లలు కావ్యకు తొమ్మిదేండ్లు, రితేష్‌కు అయిదు. ఎగ్జిబిషన్ వచ్చినప్పటి నుంచి ఒకటే నస. ఆ సోమవారం ఏడు గంటలకు, "రేపటికి మూటముల్లె కట్టుకొని పోతరట డాడీ" అని ఏడుపు తీసిన్రు.

భార్య రేఖ రొట్టెలు కొట్టుకుంట అన్నది — "నువ్వు పక్కన కూసుంటనే ఎక్కియ్యి. లేకుంటే బజ్జీలు తినిపిచ్చి తీస్కరా."

"సరే సరే" అన్నడు. వాళ్ళవ్వ — కన్నతల్లి — సావిత్రమ్మకు చెప్పిపోదామని చూస్తే, ఆమె లింగపూజకు కూసుంది. రూము తలుపు దగ్గరేసి ఉంది. ఆ టైముల ఆమెను పిలిస్తే ఇంటి మీద పెంకులు ఉండయ్. చప్పుడు చెయ్యకుండ వచ్చిండు.

సోమవారం కదా, జనం లేరు. వీలు తిప్పే మాణిక్ ఉద్గీర్ దిక్కోడు. పిల్లలను డబ్బాల కూసోబెట్టి, ఎదురు డబ్బాల బరువు సరి చేసేటందుకు ఇసుక సంచులు వేస్తున్నడు. "పెద్దోళ్ళు ఎవరు సేఠ్? పదేండ్లలోపు పిల్లలను ఒంటిగ తిప్పను."

"వస్తున్నరు... వస్తున్నరు" అన్నడు వీరేశ్. అబద్ధం. అని, వెనక్కి చూడకుండ బజ్జీల బండి కాడికి పోయి, వీలుకు వీపు పెట్టి నిలబడ్డడు. మాణిక్ ఇంక అడగలే. ఇంజను చప్పుడైంది. పిల్లలు కేకలు పెట్టిన్రు — సంబురంతోని. వీరేశ్‌కు కూడ నవ్వొచ్చింది. మూడు ప్లేట్లు కట్టమన్నడు.

అప్పుడు పోయింది కరెంటు.

మొత్తం... ఒక్కసారిగ. పాటలు బందైనయ్. బజ్జీల పొయ్యి మంట ఒక్కటి మిగిలింది. బొంబాయి రోడ్డు మీద లారీల హారన్లు తప్ప ఏం వినవడలే. వీరేశ్ తిరిగి చూసిండు. పిల్లల డబ్బా — అన్నిటికన్న పైన.

"డాడీ..." అని ఏడుస్తున్నరు.

మాణిక్ జనరేటర్ దగ్గరికి ఉరికిండు. డీజిల్ లేదు. వీలుకు బ్రేకు బిగించి, డీజిల్ క్యాను తీస్కొని బండెక్కిండు. "ఫికర్ చెయ్యకు సేఠ్, పెద్దోళ్ళున్నరు గదా పైన!"

ఆ మాట వీరేశ్‌కు ముల్లు తీర్గ గుచ్చుకుంది. నా అబద్ధాన్నే నమ్మిండు పాపం, అనుకున్నడు.

"కావ్యా! రితేషూ! కిందికి చూడకున్రి బిడ్డా..." అని అరిచిండు. వీలు ఇనుప కమ్మి మీద కాలు పెట్టిండు. ఒక మెట్టు... రెండు... కండ్ల ముందు భూమి తిరిగింది. పట్టు జారి కింద పడ్డడు. మళ్ల లేచిండు, మళ్ల పడ్డడు. ఇరవై మీటర్ల దూరంల కన్నపిల్లలు, చేతికి అందరు.

ఉన్నట్టుండి ఏడుపు ఆగింది.

ఇద్దరిదీ. ఒక్కసారి.

సెల్లు లైటు పైకి కొట్టిండు. అంత దూరం సరిగ్గ పోదు లైటు... అయినా కనవడ్డది. డబ్బాల పిల్లలు లేరు. ఒక తెల్లటి ముద్ద ఉంది. వంగి కూసున్నట్టు. అది... కదిలింది.

"వీరేశా... వీరేశా..."

వాళ్ళవ్వ గొంతు. ఇంట్ల పూజల ఉన్న అవ్వ గొంతు.

మా గల్లీల పుట్టి పెరిగినోడు గదా! 'ఓ' అని నాలుక చివరిదాంక వచ్చిందట. మెడల తువ్వాల తీసి నోట్లె కుక్కుకున్నడు. పలికితే పిల్లలు పోతరు. పలకకపోతే... ఏం జేయాలె? కండ్ల నుంచి నీళ్ళు కారుతున్నయ్, నోట్లె తువ్వాల. అట్ల నిలబడ్డడు.

మేం పోయేసరికి అదీ కథ. వీలు మీద పిల్లలు ఇరికిన్రని తెలిసి నేను, నర్సప్ప, ఇంకో అయిదారుగురం — ఒకరి అంగీ ఒకరం పట్టుకొని పోయినం. అబద్ధమెందుకు, నేను నడుమల ఉన్న.

"వీరేశా... వీరేశా..."

"రెండు" అన్నడు నర్సప్ప.

జరసేపు ఏం లేదు. మళ్ల —

"వీరేశా... నర్సప్పా..."

"నా పేరెందుకు తీస్తుంది రా!" అని నర్సప్ప నా వెనకకొచ్చిండు.

గాలికి పైన ఏదో కొట్టుకుంటుంది. కిర్ర్... టక్. కిర్ర్... టక్. డబ్బా ఊగుతుంది. ఎవరో కూసొని ఊపుతున్నట్టు. ఎన్నిమాట్ల పిలిచినా రెండే. నాలుగు మాట్ల లెక్కపెట్టినం. అయిదోసారికి ఆ గొంతు బొంగురుపోయింది, ఏడుపు లెక్క అయింది. ఒక్కరమన్నా పలికినమా? లేదు. నేను దేవుళ్ళ పేర్లు తల్చుకుంటున్న. సగం పేర్లు యాదికే రాలే.

మాణిక్ వచ్చిండు. ఉరుక్కుంట డీజిల్ పోసిండు. ఇంజను హ్యాండిల్ పట్టిండు.

"తిప్పు! జల్ది తిప్పు!" అందరం ఒర్రినం. "ఒక్క గుంజుడుకు దింపు!"

"రెండు చుట్లు గిరగిర తిప్పు, దిగి పారిపోతది!" అన్నడు నర్సప్ప.

అప్పుడే గేటు దిక్కు నుంచి రేఖ. కాళ్ళకు చెప్పుల్లేవు, చేతులకు జొన్నపిండి.

"కాకా, మా అత్తమ్మ ఇంట్ల లేదు! పూజ రూంల లేదు! శాలువ కూడ లేదు..."

"వీరేశా... వీరే..."

రేఖ తలెత్తింది. మా మొఖాలు చూసింది. మొగని నోట్ల తువ్వాల చూసింది.

నేను చెయ్యి ఊపిన — వద్దు బిడ్డా, లెక్క...

"ఓ! అత్తమ్మా! ఓ!"

అంతే. నేను కండ్లు మూసుకున్న. నర్సప్ప చెవులు మూసుకున్నడు. ఇగ అయిపోయింది అనుకున్నం.

పైన కిర్ర్... టక్.

తర్వాత మెల్లగ... ఒక్కొక్క మాట ఊపిరిల నుంచి పీకినట్టు...

"రేఖా... తిప్పనియ్యకు... తలుపు కొండి... ఊడింది... తలుపు తెరుచుకుంది..."

మాణిక్ చేతుల నుంచి హ్యాండిల్ జారి పడ్డది.

కిర్ర్, టక్ అన్నది ఆ తలుపే. మేం ఒర్రిన ఒక్క గుంజుడు గుంజి ఉంటే... ఆ మాట ఇప్పుడు కూడ అనబుద్ది కాదు.

ఇంజను జోలికి పోలే. ఎనిమిది మందిమి కమ్మీలకు తాడు కట్టి, చేతులతోని దింపినం. జానెడు... ఆగుడు. జానెడు... ఆగుడు. వీరేశ్‌ను తాడు పట్టనియ్యలే, చేతులు వణుకుతున్నయ్. డబ్బా కింద రెండు చేతులు చాపి నిలబడ్డడు, పడితే పట్టుకుందామని. ముగ్గురు పడితే ఎవరిని పడతడు? అయినా నిలబడ్డడు. వీలు వంక చూడలేనోడు, రెప్ప కొట్టలే.

డబ్బా నేల మీదికొచ్చింది. తెల్ల శాలువ. దాని కింద ఇద్దరు పిల్లలు. వాళ్ళిద్దరి నడుములకు సావిత్రమ్మ తన కొంగు చుట్టి, కొసను కడ్డీకి ముడేసింది. రితేష్ నిద్రపోయిండు. కావ్య మెల్లగ అన్నది, "కిందికి చూస్తే భయమైతదని అజ్జి మా మీద శాలువ కప్పింది డాడీ. ఏడ్వకున్రి, శివనామం చెప్పున్రి అన్నది."

కొడుక్కు ఎత్తు పడదని తల్లికి తెల్వదా? లోపల నుంచి వాళ్ళ మాటలు విని, పూజ తొందరగ ముగించి, పెరటి దారి నుంచి మైదానంలకు వచ్చిందట. మాణిక్ 'పెద్దోళ్ళేరి' అని చూస్తుంటే, "నేనే" అని ఎక్కి కూసుంది. అప్పుడు మనోడు బజ్జీలకు కారం ఎక్కువ చల్లమంటున్నడు.

"ఎన్నిసార్లు పిలిచిన్రా..." అన్నది సావిత్రమ్మ. ఆమెకు ఆయాసం. "నా దమ్ము రెండు పిలుపులకే అయిపోతది. మళ్ల పీల్చుకొని పిలవాలె. తల్లి గొంతు గుర్తు పట్టలేదా నువ్వు?"

"పట్టిన అవ్వా..." అన్నడు వీరేశ్. "నీ గొంతే. అందుకే భయమైంది."

నర్సప్ప నడుమల దూరిండు. "సావిత్రక్కా, నేను సక్కగ లెక్కపెట్టిన..."

"మస్తు పెట్టినవ్ తమ్మీ. బడిల గిట్ల పెట్టి ఉంటే అయిదో తరగతి దాటేటోడివి."

రేఖ ఎవ్వరినీ ఇంటికి పోనియ్యలే. తాడు గుంజినోళ్ళం, మాణిక్‌తో సహా, వాళ్ళ వరండల కూసున్నం. సగం రొట్టెలు మాడినయ్, సగం చల్లారినయ్. పుండికూర మంచిగుంది. అందరి పళ్ళాలల వడ్డించినా ఎవరం చెయ్యి పెట్టలే. ఎందుకంటే సావిత్రమ్మ తింటలేదు.

కోపం అనుకున్నం. కాదు. కడ్డీ పట్టుకున్న కుడి చేతి వేళ్ళు ఇంక తెరుచుకోలే. గుప్పిట అట్లనే ఉంది. రేఖ వేడినీళ్ళ గుడ్డ చుట్టి మెల్లగ ఒక్కొక్క వేలు తీస్తుంది, మళ్ల అది ముడుచుకుంటుంది.

వీరేశ్ జరిగి ఆమె ముందట కూసున్నడు. రొట్టె తుంచి, కూర అద్ది, నోటి దగ్గర పెట్టిండు. ఆమె మొఖం పక్కకు తిప్పుకుంది. ఆ ముద్ద అట్లనే పట్టుకొని కూసున్నడు. చెయ్యి కిందికి దించలే. ఎంతసేపో. కూర పులుసు మోచెయ్యి దాంక కారింది.

"వణుకుతున్నది చెయ్యి" అన్నది చివరికి, కొడుకు దిక్కు చూడకుండ. "కింద పోస్తవ్." అని నోరు తెరిచింది.

నమిలి మింగి, మా దిక్కు తిరిగింది. "మీరేం చూస్తున్రు? తినున్రి."

తిన్నం.