ఎర్రదీపం ఉండగా తలుపు తీయరాదు

ఆస్పత్రులకి వెళ్ళి, అక్కడ మనిషి ప్రాణానికీ మానానికీ భద్రత ఉందో లేదో చూసి మార్కులేసి రావడం ఆమె ఉద్యోగం. పనిముట్లు ఉడికించే ఆవిరిపెట్టె సరిగ్గా వేడెక్కుతోందా, వాడిన సూదులు ఎక్కడ పారేస్తున్నారు, ఒకరిని ముట్టుకున్న చేత్తోనే ఇంకొకరిని ముట్టుకుంటున్నారా... ఇవన్నీ ఆ పనిలో ఉన్న ఎవరైనా చూసేవే. ఆమె ఇంకోటి కూడా చేసేది. రోగులు కూర్చునే ప్రతి కుర్చీలోనూ తనూ ఒకసారి కూర్చునేది.

"నిలబడితే డాక్టరుకి కనిపించేదే మనకీ కనిపిస్తుంది. రోగికి ఏం కనిపిస్తుందో కూర్చుంటేనే కదా తెలిసేది" అనేది.

అలా ఆఫీసులో ఆమెకి కుర్చీ మేడమ్ అని పేరు పడిపోయింది. వెనక నవ్వుకునేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆమె కూర్చునేది కూర్చునేదే.

ఆ రోజు పొద్దున గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే తమ్ముడి పెళ్ళాం అడిగింది. "ఇవాళ ఏ ఆస్పత్రి వదినా?"

"గుప్త రోగాలది."

"అయ్యో, నెమ్మదిగా అనండి! పక్కింటావిడ చెవులు మన గోడకే అతుక్కుని ఉంటాయి. సాయంత్రానికల్లా మీకే ఏదో అంటుకుందని వీధంతా చాటేస్తుంది."

"అంటుకుంటే మందుంది. ఆవిడ నోటికే లేదు" అని నవ్వుతూ బయల్దేరింది. అంత మామూలుగా మొదలైన రోజు అది.

ఆ క్లినిక్కు బట్టల కొట్టు వెనక సందులో ఉంది. బోర్డు అరచేయంత. లోపల మాత్రం అద్దంలా ఉంది. గచ్చు మెరుస్తోంది, ఎక్కడా ఒక్క ఈగ లేదు. ముందు బల్ల దగ్గర కూర్చున్న టోకెన్ల అమ్మాయి ఆమె ఫోను తీసుకుని సొరుగులో పెట్టింది. ఎవరి బొమ్మలూ ఎవరూ తీయకూడదు, అది అక్కడి పద్ధతి. ఫోను తీసుకుని గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి చేతిలో పెట్టింది. దాని మీద ఇరవై మూడు.

"నాకెందుకమ్మా ఇది? నాకు రోగం లేదు."

"రోగం ఉన్నా లేకపోయినా టోకెను ఉండాల్సిందే మేడమ్. ఇక్కడ పేర్లుండవు. పారేసుకోకండేం? వెళ్ళేటప్పుడు వెనక గుమ్మం దగ్గర డబ్బాలో వెయ్యాలి. డబ్బాలో పడితేనే ఆ మనిషి వెళ్ళిపోయినట్టు మాకు లెక్క."

సరేనని ఎడమ చేతి పిడికిట్లో పట్టుకుంది.

డాక్టరు గారు ఎదురొచ్చారు. బొద్దుగా, మర్యాదగా ఉన్నారు. "మా దగ్గర గుట్టు ముఖ్యం మేడమ్. వచ్చినవాళ్ళు ఇంకొకరి కంట పడకూడదు" అంటూ అన్నీ చూపించారు. సూది వేయించుకున్నవాళ్ళు కూర్చోవడానికి వరసగా చిన్న గదులున్నాయి. ఒక్కో గదికీ రెండు తలుపులు. నడవలోంచి లోపలికి ఒకటి, వెనక సందులోకి ఒకటి. ఒకటి మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. లోపలి మాట బయటికి పోకుండా తలుపులకి మెత్తలు కుట్టించారు. మనిషి లోపల ఉంటే గుమ్మం మీద ఎర్రదీపం వెలుగుతుంది. ఎర్రదీపం ఉండగా ఎవరూ ఆ తలుపు తీయరాదు. నంబరు పిలిస్తే వెనక తలుపు తెరుచుకుంటుంది, వాళ్ళు వెళ్ళిపోతారు.

"లోపలి నుంచి తీసుకోవడానికి గడియ లేదేం?"

"ఉంటే తోచినప్పుడు బయటికొచ్చేస్తారు, ఒకరికొకరు ఎదురుపడతారు."

"లోపలున్నవాళ్ళకి ఏమన్నా అయితే?"

"తాడు లాగితే నడవలో గంట మోగుతుంది కదండీ."

ఆమె అడిగింది ఊరికే కాదు. ఆ జబ్బులకి వేసే పెన్సిలిన్ సూది ఎంతోమందికి అమృతం. ఎవరో ఒకరికి మాత్రం పడదు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోతుంది. అందుకే సూది వేశాక అరగంట కూర్చోబెట్టి, మనిషిని కళ్ళతో కనిపెట్టుకుని ఉండాలి. చెవులతో కాదు, కళ్ళతో.

నడవ చివరి గది దగ్గర ఆమె ఆగింది. అక్కడి గంట నోట్లో దూది కుక్కి ఉంది. ఎర్రదీపానికి అడ్డంగా ప్లాస్టర్ అంటించారు. ఆ ప్లాస్టర్ వెనక నుంచి సన్నగా ఎరుపు కారుతోంది.

"ఎవరన్నా ఉన్నారా లోపల?"

"ఎవరూ లేరండీ. ఆ గది వాడటం లేదు. ఏదో వైరింగ్ లోపం, దీపం ఆరదు, గంట ఊరికే మోగుతుంది" అన్నారు డాక్టరు. ఆయన చూపు మాత్రం గచ్చు మీదే ఉంది. "భోజనం వేళయింది, మీరు కూడా..."

"మీరు కానివ్వండి. నేను కాసేపు కుర్చీలు చూసుకుంటాను."

ఆయన వెళ్ళారు. ఆమె ఒక్కో గదిలోకీ వెళ్ళి, తలుపుకి తన సంచీ అడ్డంపెట్టి, కూర్చుని లేచింది. చివరికి చివరి గది దగ్గరికి వచ్చింది. వాడని గది అన్నారు కదా, చూడకుండా వెళ్ళిపోతే ఎవరూ అడగరు. కానీ అలవాటు మనిషిని ఊరుకోనివ్వదు. తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, పిలిచినట్టుగా తెరుచుకుంది.

లోపల చిన్న దీపం, కిటికీ లేదు. గోడ వైపు తిప్పి ఉన్న కుర్చీ ఒక్కటే ఉంది. స్పిరిట్ వాసన. దాని కింద ఇంకేదో వాసన... చెమటలో తడిసి ఆరిన బట్టలా. సంచీ గుమ్మంలో పెట్టి, వెళ్ళి కూర్చుంది.

కుర్చీ వెచ్చగా ఉంది.

అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు.

ఆమె చటుక్కున లేచింది. సంచీ ఎలా జరిగిందో మరి, లోపలికి పడి ఉంది. తలుపు మెల్లగా, మెత్తగా మూసుకుంది. చప్పుడు కూడా కాలేదు.

మొదట భయపడలేదు. తాడు లాగింది. లాగాక గుర్తొచ్చింది, గంట నోట్లో దూది. అయినా లాగింది. మళ్ళీ లాగింది. తలుపు మీద కొట్టింది. మెత్తలు దెబ్బల్ని మింగేశాయి. వెనక తలుపు తోసింది. గోడని తోసినట్టే ఉంది.

"ఎవరమ్మా బయట? నేను! తనిఖీకి వచ్చినదాన్ని!"

తన గొంతు తనకే దూరంగా వినిపించింది. గాలి బరువుగా ఉంది. దుప్పటి కప్పుకుని ఊపిరి పీలుస్తున్నట్టు.

ఎంతసేపు గడిచిందో. తలుపు కింద సందులోంచి నడవలో చెప్పుల చప్పుడు వినిపించింది. టోకెన్ల అమ్మాయి గొంతూ, ఇంకెవరో నర్సు గొంతూ నవ్వుకుంటూ వస్తున్నాయి. అమ్మయ్య అనుకుంది. రెండు చేతులా బాదింది. తాడు పట్టుకు గుంజింది.

చప్పుళ్ళు ఆగాయి. సన్నగా, చాలా సన్నగా మాటలు.

"వింటున్నావా... కొడుతోంది."

"ఎప్పుడూ ఉండేదేగా. ఇవాళ కాస్త గట్టిగా కొడుతోంది. అటు చూడకు, పద పద."

చెప్పులు గబగబా వెళ్ళిపోయాయి.

అప్పుడు భయం వేసింది. బయట దీపం వెలుగుతోంది, తలుపు తీయరు. తను కొడితే గది కొడుతోందనుకుంటారు. తను అరిచినా... గదే అరిచిందనుకుంటారు.

వెనక కుర్చీ కిర్రుమంది.

ఆమె తిరగలేదు.

ఊపిరి వినిపించింది. తనది కాదు. సన్నటి గొట్టంలోంచి గాలి లాగినట్టు, పిల్లిలా కూస్తూ... లోపలికి... లోపలికి... బయటికి రాకుండా.

"సిస్టర్..."

గుసగుస. ఆడగొంతు.

"అరగంట అయిందా సిస్టర్?"

ఆమె తాడు వదిలేసింది.

"పిలుస్తామన్నారు... కూర్చున్నాను. దురద పుట్టింది... తాడు లాగాను. ఇంకా పిలవలేదు..."

ఉన్నట్టుండి నడుం కింద సూది దిగినట్టు చురుక్కుమంది. ఆమె తుళ్ళిపడి కింద కూలబడింది. గొంతులో ఏదో గరగర. మింగుడు పడటం లేదు. చేత్తో గచ్చు తడుముకుంటుంటే, కుర్చీ కింద చల్లగా, గుండ్రంగా ఒకటి తగిలింది. ప్లాస్టిక్ బిళ్ళ. దీపం వెలుగులో పెట్టి చూసింది.

పదకొండు.

పేర్లుండని చోటు. పిలిస్తే గానీ కదలకూడని చోటు. ఇంతకాలం ఈ పిచ్చితల్లి పిలుపు కోసం కూర్చునే ఉందా! ఎంత చిత్రమో చూడండి, అంత భయంలోనూ ఆమెకి జాలి కలిగింది. ఉన్న గొంతంతా కూడదీసుకుంది.

"పదకొండు..." అంది. "పదకొండో నంబరు... వెళ్ళచ్చు."

కుర్చీ మళ్ళీ కిర్రుమంది. ఎవరో లేచారు. చల్లటి గాలి ఒకటి ఆమెని రాసుకుంటూ పోయింది. అది పోతూ పోతూ... ఆమె ఎడమ పిడికిలి వేళ్ళని ఒక్కొక్కటే, ఎంతో మెత్తగా, విప్పింది.

వెనక తలుపు తెరుచుకుంది.

ఆ తలుపు ఒక్క పిలుపుకి ఒక్కరికే. మూసుకునేలోపే ఆమె మోకాళ్ళ మీద పాకి, సంచీ అక్కడే వదిలేసి, ఎండలో పడింది. పట్టపగలు. వెనక సందు. అవతల బట్టల కొట్టులో ఎవరో బేరమాడుతున్నారు. సందులో ఇంకెవరూ లేరు.

తూలుతూ ముందు గుమ్మంలోంచి వచ్చిన ఆమెని చూసి టోకెన్ల అమ్మాయి లేచి నిలబడింది.

"మీరు వెళ్ళిపోలేదా మేడమ్? ఇప్పుడే మీ ఇరవై మూడు డబ్బాలో పడింది. ఫోను మర్చిపోయారని అనుకుంటున్నా!"

ఆమె కుడి చేయి చాపింది. అరచేతిలో పదకొండు.

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇది... ఇది ఎక్కడ దొరికింది? ఎంత వెతికాం. అప్పట్లో ఒకావిడకి సూది పడలేదు మేడమ్. గంట మోగింది గానీ, కంగారులో లాగి ఉంటుందని ఎవరూ... ఎర్రదీపం ఉంటే తీయకూడదు కదా. ఇది డబ్బాలో పడలేదు కాబట్టి ఆవిడ లోపలే ఉందని తెలుసు. తెలిసీ సాయంత్రం దాకా..." అంటూ నడవ వైపు చూసి ఆగిపోయింది. "మేడమ్! దీపం... ఆరిపోయింది."

భోజనం నుంచి వచ్చిన డాక్టరుతో ఆమె ఒక్కటే మాట అంది. "ఆ తలుపులు ఊడబీకించే దాకా మీకు ఒక్క మార్కు పడదు." మాట బొంగురుగా వచ్చింది. బిళ్ళ బల్ల మీద పెట్టేసి, ఫోను తీసుకుని, ఆటో ఎక్కింది.

ఇంట్లో మరదలు చూస్తూనే కంగారు పడింది. "అదేం వాలకం వదినా? గొంతేంటి అలా?"

"చల్లగాలి పట్టినట్టుంది. మంచినీళ్ళియ్యి."

మంచం మీద కూర్చోబోయి అబ్బా అని లేచింది. ఎన్ని కుర్చీల్లో కూర్చున్న మనిషో, కూర్చోలేకపోయింది. మరదలు వెనక్కి తిప్పి చూసింది. చీర కట్టు కాస్త జరిపితే, నడుం కింద, తెల్లగా దూది. దాని మీద అడ్డంగా ప్లాస్టర్. మధ్యలో తడి ఆరని ఎర్రటి చుక్క.

"సూది వేయించుకున్నారా? చెప్పనే లేదు! పక్కింటావిడ మాటే నిజం చేశారే!" అని నవ్వింది, పాపం, ఏమీ తెలీక. "వేడినీళ్ళు కాస్తాను. కదలకండి. అరగంట అలా కూర్చోండి, నేను పిలుస్తాగా."

వద్దు, వెళ్ళకు అనబోయింది. కూత ఒక్కటే వచ్చింది, సన్నగా, పిల్లిలా.

మరదలు తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

తలుపు చప్పుడు లేకుండా, మెత్తగా మూసుకుంది. చేతిలో ఏదో చల్లగా తగిలితే ఆమె పిడికిలి విప్పి చూసుకుంది. క్లినిక్కు బల్ల మీద పెట్టి వచ్చిన బిళ్ళ.

తలుపు కింద సందులోంచి గచ్చు మీదకి ఎర్రటి వెలుగు మెల్లగా పారుతోంది...