కోడలి గది గడియ

మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలి గదిలోంచి ఏదో బరువైనదాన్ని నేల మీద ఈడ్చిన చప్పుడు వస్తుంది. సింధూరి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ మంగతాయారు ఆ చప్పుడు వింటూనే ఉంది. ఏం ఈడుస్తుంది? పెట్టేమో? అందులో ఏం దాస్తుంది? అడిగితే అత్తగారు ఆరా తీస్తోందంటారని అడగలేదు. అడగనికొద్దీ అనుమానం పెరిగిందే తప్ప తరగలేదు. ఒక్కోసారి విష్ణుసహస్రనామం చదువుతుండగా ఆ చప్పుడు చెవినపడి నామం తప్పిపోయేది. 'పరాయింటి పిల్లను అనుమానించే బుద్ధి నాకెందుకిచ్చావయ్యా?' అని స్వామినే అడిగి, మళ్ళీ మొదటినుంచి అందుకునేది.

ఆ గురువారం అమావాస్య. పొద్దున్నే ఉల్లిపాయల లారీ వచ్చిందని కబురందితే ఉల్లిపాయల వ్యాపారం చేసే భర్త శేషగిరిరావు కాఫీ సగంలో వదిలేసి గూడెం మార్కెట్టుకి పరుగెత్తాడు. కొడుకు శ్రీకర్ ఉండి అనే ఊళ్ళో చేపల మేత వ్యాపారం చూసుకుంటూ శనివారానికి గానీ ఇంటికి రాడు. మనవరాలు భార్గవి బడికి వెళ్ళిపోయింది. మంగతాయారు పెరటి గట్టు మీద కూర్చుని మర్నాటి పూజకి ఇత్తడి సామాను చింతపండుతో తోముతోంది.

ఇంటికి రంగులు వేయించడం అప్పుడే ముగిసింది. గోడలు కొత్తబడేసరికి తలుపులకున్నవి వెలవెలబోయాయి. వీధి తలుపుకి ఇత్తడి గొళ్ళెం, వంటింటికి స్టీలు గడియ, స్నానాల గదికి అల్యూమినియం బోల్టు. ఎప్పుడు ఏది ఊడితే అప్పుడు దొరికింది బిగించారు. హ్యాండిళ్ళూ గడియలూ మడతబందులూ అన్నీ ఒకే రకం, ఒకే రంగు పెట్టిద్దామని సింధూరి పట్టుబట్టింది. ఎప్పుడూ ఏదీ అడగని కోడలు అడిగిందని మామగారు సరేనన్నాడు. సరుకు ఏలూరులో కొన్నారు. అమావాస్య వెళ్ళాక శుక్రవారం పని మొదలెట్టాలని మంగతాయారే నిర్ణయించింది.

హాల్లో సింధూరి ఏలూరు కొట్టువాళ్ళతో ఫోన్లో మాట్లాడుతోంది. "అన్నీ ఒకే రంగులో పంపారు కదండీ? ఆ ఒక్క గదికి మాత్రం లోపలి గడియ గట్టిదేనా? బయటినుంచి తోస్తే రాకూడదండీ."

మంగతాయారు చేతిలో దీపపు కుంది ఆగిపోయింది.

"ఏ గదికమ్మాయ్, ఆ గట్టి గడియ?"

"మా గదికేనండీ, అత్తయ్యగారూ."

"మా అందరికీ అక్కర్లేనిది మీ గదికెందుకో? తోసుకొచ్చేవాళ్ళెవరున్నారు ఈ ఇంట్లో?"

సింధూరి తడిబట్టల బకెట్టు అందుకుంది. "బట్టలు ఆరేసొస్తానండీ" అంటూ మేడమీదికి వెళ్ళిపోయింది.

ఆమె దిగేలోగానే సరుకు ఆటోలో వచ్చింది. ఒక్కో డబ్బా మీదా ఒక్కో గది పేరు రాసి ఉంది. 'సింధూరి గారి గది' అన్నది మంగతాయారు ముందుగా విప్పింది. హ్యాండిలూ, జానెడు గడియా. రెండూ నల్లగా మకిలిపట్టి ఉన్నాయి. "కొత్త ఇత్తడని చెప్పి చిలుమెక్కిన పాత సరుకు అంటగట్టాడన్నమాట! మాటలే గానీ ఈ పిల్లకి సరుకు చూసుకోవడం తెలియదు" అనుకుంది. చింతపండు చేతిలోనే ఉంది. ఉప్పు కలిపి పట్టించి పట్టించి తోమితే అరగంటకి దేవుడి గంటలా తళతళలాడాయి. కష్టమైనా తృప్తిగా అనిపించింది.

"అయ్యో! ఏం చేశారండీ అత్తయ్యగారూ!"

సింధూరి ఖాళీ బకెట్టుతో గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం చేశాను? నిన్ను మోసం చేసి పాతవి పంపాడు. వదలగొట్టాను."

"అది మకిలి కాదండీ. పాతవాటిలా కనపడాలని ఆ నలుపు వాళ్ళు పట్టించిందే. యాంటిక్ ఫినిషంటారు."

"డబ్బులిచ్చి మకిలి కొనుక్కుంటారా ఎవరైనా? మేమైతే డబ్బులిచ్చి తోమించుకునేవాళ్ళం."

అప్పుడే భోజనానికి వచ్చిన శేషగిరిరావుకి నవ్వొచ్చింది గానీ, భార్య ముఖం చూసి మింగేశాడు.

"పోనీ, ఇది వెనక్కి పంపి నల్లదే తెప్పించుకో. మిగతా తలుపులకి బిగించేద్దాం, మీ గదికి నెలాగి పెట్టుకోవచ్చు" అంది మంగతాయారు.

"వద్దండీ, ఫరవాలేదు. మెరిసేదే పెట్టించుకుంటాను." సింధూరి గబగబా ఆ గడియ తీసుకోబోయింది.

మంగతాయారు దాన్ని ఒళ్ళోంచి వదల్లేదు.

"ఉండు. ఇల్లంతా ఒకే రంగుండాలని నెల్లాళ్ళు పోరు పెట్టావు. ఇప్పుడు రంగు పోయినా ఫరవాలేదంటున్నావు. అంటే నీకు కావలసింది రంగు కాదు, ఈ గడియ! ఇన్నేళ్ళూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. రోజూ మధ్యాహ్నం తలుపేసుకుని ఏం ఈడుస్తావు? మా దగ్గర ఏం దాస్తున్నావమ్మా?"

"మంగా, ఊరుకో" అన్నాడు శేషగిరిరావు.

"చెప్పనీయండి."

సింధూరి ముఖం ఎర్రబడింది. "టేకు కుర్చీ ఈడుస్తానండీ" అంది. "తలుపుకి అడ్డం. మా తలుపుకి గడియ పడదు."

"పడకపోవడమేమిటి? మీ పెళ్ళికి కొత్తగా చేయించిన తలుపాయె! గడియ పెట్టించింది నేనే."

"తలుపుకి ఉందండీ. ద్వారబంధానికి బెజ్జం లేదు. నేను కాపురానికొచ్చిన మర్నాడు వడ్రంగి బెజ్జం పెట్టబోతుంటే మూఢం వచ్చింది, గుమ్మానికి ఉలి తగలకూడదని మీరు ఆపేశారు. మూఢం వెళ్ళాక నేనే పెట్టిస్తాలే అమ్మా అన్నారు."

మంగతాయారుకి అన్నట్టు గుర్తుంది. పెట్టించినట్టు గుర్తులేదు.

"మరి శ్రీకర్‌తో చెప్పకపోయావా?"

"చెప్పానండీ. మన గదిలోకి ఎవరొస్తారన్నారు." సింధూరి కళ్ళనీళ్ళతోనే చిన్నగా నవ్వింది. "అందరూ వస్తారండీ. మామయ్యగారు కళ్ళజోడు వెతుక్కుంటూ వస్తారు. మీరు మజ్జిగ పట్టుకొస్తారు. ఈ ఇంట్లో తలుపు తట్టే అలవాటు లేదు కదండీ. భార్గవికి పాలిచ్చిన రోజుల్లో ఒక చెయ్యి పిల్లకీ, ఒక చెయ్యి కుర్చీకీ వేసుకుని కూర్చునేదాన్ని. కొత్తకోడలు అత్తగారి దగ్గరికెళ్ళి పడగ్గదికి గడియ పెట్టించండని ఎలా అడుగుతుందండీ? ఇల్లంతా మారిస్తే మా తలుపు కూడా అందులో వచ్చేస్తుందని..."

శేషగిరిరావు కళ్ళజోడు తీసి, తుడుచుకుంటూ వసారాలోకి వెళ్ళిపోయాడు.

మంగతాయారు చింతపండు చేతులతో అలాగే కూర్చుంది. దొంగసొమ్మో, పుట్టింటి రహస్యమో అనుకుంటూ వచ్చిన చప్పుడు, తను ఆపించిన ఒక బెజ్జం! గుమ్మంలో లక్ష్మి ఉంటుందని ఉలి ఆపింది సరే. గుమ్మానికి అవతల బిక్కుబిక్కుమంటూ కూర్చున్న లక్ష్మి మాటేమిటి?

"ఏవండీ!" అని గట్టిగా పిలిచింది. "వడ్రంగి ఏసోబుకి ఫోన్ చేయండి. ఇప్పుడే రమ్మనండి."

"ఇవాళ అమావాస్య. రేపన్నావుగా?"

"రేపు రేపంటూనే ఈ పిల్లని ఇన్నేళ్ళు కూర్చోబెట్టాను. చేయండి."

ఏసోబు పెంటపాడునుంచి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. డ్రిల్లు చేతిలోకి తీసుకుని, "ఇవాళ పని వద్దన్నారు కదండీ, అమ్మగారూ?" అన్నాడు.

"అన్నాను. ఆ నష్టమేదో నేను చూసుకుంటాను. నువ్వు బెజ్జం పెట్టు, నాయనా."

డ్రిల్లు గుమ్మంలో దిగినప్పుడు మంగతాయారు కళ్ళు మూసుకుని స్వామిని తలుచుకుంది. క్షమించమని కోరడానికి కాదు, సాక్షిగా ఉండమని. పని పూర్తయ్యేసరికి తలుపు మీద తళతళలాడే గడియ దిగింది.

"మిగతావన్నీ నల్లగా, ఇదొక్కటే ఇలా!" అంది సింధూరి మొహమాటంగా.

"ఉండనీ. లోపలికెళ్ళి వెయ్యి, చూద్దాం."

సింధూరి లోపలికి వెళ్ళింది. గడియ టక్కున పడింది. మంగతాయారు బయటినుంచి అరచెయ్యి ఆనించి, బలమంతా పెట్టి తోసింది. తలుపు కదల్లేదు.

"రాలేదే అమ్మాయ్!" అందావిడ. లోపలినుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వినిపించింది.

"తీసి రానాండీ, అత్తయ్యగారూ?"

"వద్దు తల్లీ. పిల్ల బడినుంచి వచ్చేదాకా పడుకో. కాఫీ నేను పెడతాను" అంది మంగతాయారు. "అయ్యాక తలుపు తడతాను."