మొదటి ముద్ద

"ఎంగిలి చేత్తో ఆ నేతిగిన్నె ముట్టినావేందీ! అన్నం తింటాండావా, గడ్డి తింటాండావా?"

అత్త గౌరమ్మ కేకకు తులసమ్మ ఉలిక్కిపడింది. పెద్ద నేతిజాడీ అటక మీద ఉంది. ఆరేళ్ల కూతురు వాసవి నెయ్యి కావాలని మారాం చేస్తుంటే, దగ్గర్లో ఉంది కదా అని ఆ చిన్న కంచుగిన్నెలోంచి ఒక్క చెంచా పిల్లకు వేసింది... అంతే!

"చెయ్యి కడుక్కున్నానత్తా..."

"కడుక్కుంటే పోతాదా? మొగుని విస్తట్లో మొగునికంటే ముందు తినేదానివి! ఆ చెయ్యి ఏ నీళ్లకు శుద్ధి అయితాది?"

గౌరమ్మ గిన్నె లాక్కుంది. అంతటితో ఆగక పిల్ల ముందున్న పళ్లెం కూడా లాక్కుని, పెరట్లోకి పోయి అన్నమంతా మురికి తూములో పారబోసింది. వాసవి గొంతెత్తి ఏడ్చింది.

"చెంచాడు నేతికి చెంబెడు కన్నీళ్లు!" బావ నాగేశ్వరరావు పీట మీదనుంచే విసుక్కున్నాడు. భార్య పురిటికని చాగలమర్రి పోయినప్పటినుంచి ఆయన విసుగుకు హద్దు లేకుండా పోయింది. "ఈ కొంపలో ఒక్కపూటన్నా నిమ్మళంగా తిననిచ్చేది లేదు గదా! అమ్మా, చెప్తాండా విను. పున్నమి కాగానే మన పుల్లయ్యను కొండవతల మఠానికి చేరుస్తా. మండలంపాటు కాలికి గొలుసేసి పెడతారంట. మాట్లాడొచ్చినా."

గొలుసు అన్న మాటకంటే ఇంకొక ఆలోచన తులసమ్మ గుండెలో గుచ్చుకుంది. మఠంలో ఆయన ముందు కూర్చుని మొదటి ముద్ద ఎవరు తింటారు? ఎవరూ తినకపోతే ఆయన నాలుగు రోజులు పస్తుంటాడు. ఐదు రోజులు... ఆ తర్వాత?

పళ్లెం కడుగుతూ తులసమ్మ మరొకటి గమనించింది. ఈ ఇంట్లో మిగిలిన మెతుకు ఒక్కటీ ఆవుకు పెట్టకుండా పారేయరు. ఈ రోజు అత్త ఆవు ముందునుంచే నడిచిపోయి తూములో పోసింది... ఎందుకో!

తులసమ్మ భర్త పుల్లయ్యకు ఈ జబ్బు రెండేళ్ల కిందట మొదలైంది. నంద్యాల బజారులో అన్నదమ్ములిద్దరూ కిరాణా అంగడి నడిపేవారు. పుల్లయ్య తూకం వేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని పేరు. ఒకనాడు ఆయన తక్కెడ వదిలేసి ఇంటికి వచ్చి, వీధి చివరి పత్తి జిన్నింగు మిల్లు చప్పుడులో తన పేరు వినిపిస్తోందన్నాడు. మిల్లు ఆగితే ఆ భయమూ ఆగుతుందనుకుంది తులసమ్మ. సెలవునాడు మిల్లు ఆగింది. "ఇప్పుడు గుసగుసలాడుతాండారు తులసీ... దగ్గరికొచ్చినారు" అన్నాడాయన. ఆనాటినుంచి నిశ్శబ్దమంటే ఆమెకూ దడే! తర్వాత అన్నంలో ఏదో కలుపుతున్నారన్నాడు. నాలుగు రోజులు పచ్చిమంచినీళ్లు కూడా ముట్టలేదు. ఐదోనాడు తులసమ్మ తెగించి ఆయన విస్తట్లోంచే ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది. ఆయన రెప్పవేయకుండా ఆమెను చూస్తూ, పెదవులు కదుపుతూ నూరు లెక్కబెట్టాడు. ఆమె చావలేదు. ఆయన తిన్నాడు!

అప్పటినుంచి రెండు పూటలా అంతే. ఆ నూరు పూర్తయ్యేలోగా ఆమె దగ్గితే విస్తరి నెట్టేస్తాడు. అందుకని దగ్గడం మానుకుంది. కళ్లు చెమర్చినా విషమే అనుకుంటాడు. అందుకని ఏడవడమూ మానుకుంది. వాసవి తల మీద చెయ్యిపెట్టి, "ఇందులో ఏమీ కలపలేదు, ఒట్టు!" అని ఎన్నిసార్లు చెప్పిందో! రెండేళ్లలో ఒక్క ఉపవాసం దక్కలేదు, పుట్టింట్లో ఒక్క రాత్రి నిద్ర దక్కలేదు. ఆళ్లగడ్డ ఎంత దూరమని? బస్సెక్కితే ఒక పూట ప్రయాణం కూడా కాదు! తమ్ముడి పెళ్లికి పొద్దున పోయి, తాళి కట్టడం చూడకుండానే, ఆయన భోజనం వేళకని తిరుగు బస్సెక్కింది. ఆనాడు అమ్మ చేతిలో పెట్టిన పసుపు కుంకుమల పొట్లం బస్సులో ఒడిలో పెట్టుకుని, నంద్యాల వచ్చేదాకా ఒకటీ రెండూ మూడూ అని తనకు తెలియకుండానే లెక్కబెట్టుకుంటూ వచ్చింది...

ఇప్పుడు నెల రోజులుగా కొత్త భయం పట్టుకుంది. మధ్యాహ్నం ఆ మొదటి ముద్ద చేదుగా ఉంటోంది! నాలుక మీద కాదు, గొంతు కిందెక్కడో... మింగిన చాలాసేపటికి కూడా పోని చేదు. ఎవరితో చెప్పగలదు? 'అన్నంలో ఏదో ఉంది' అన్నందుకే కదా ఆయనను పిచ్చివాడన్నారు! నిన్న సాయంత్రం వాసవి అరుగు మీద బొమ్మకు బువ్వ పెడుతోంది. ముందు తను తిన్నట్టు నటించి, బొమ్మకేసి కదలకుండా చూస్తూ, "తొంభై ఎనిమిది... తొంభై తొమ్మిది..." అంటోంది. తులసమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఈ లెక్క ఈ ఇంట్లో ఎందరికి అంటుకుంటుంది భగవంతుడా!

మరునాడు కృపమ్మ వచ్చింది. ఆసుపత్రి నర్సు. కర్నూలు డాక్టరు రాసిన మాత్రలు వారానికోసారి తెచ్చి, అరుగు మీద కూర్చుని, పుల్లయ్యతో కాసేపు వానల గురించి, శనగల గురించి మాట్లాడి పోతుంది. ఆ రోజు మాట్లాడటం అయ్యాక ఆమె లేవలేదు.

"ఆయన సంగతి సరేలేమ్మా. నీకెట్లుంది?"

రెండేళ్లుగా ఈ అరుగెక్కిన ప్రతివారూ ఆయనకెట్లుంది అనే అడిగారు. "నాకా?" అంది తులసమ్మ. ఆ తర్వాత నోరు తెరిస్తే ఏడుపే వచ్చింది! కొంగు నోట్లో కుక్కుకుని, అలవాటుగా లోపల లెక్క మొదలుపెట్టి, ఇరవై దాకా కూడా ఆపుకోలేకపోయింది.

"అక్కా... నాకూ పిచ్చి పడుతాండాది. ముద్ద చేదుగా ఉంటాది. ఆయన అన్నట్టే... ఏదో కలిపినట్టే..."

కృపమ్మ నవ్వలేదు, అయ్యో అనలేదు. "ఏ పూట?" అని అడిగింది.

"మధ్యాహ్నం. పప్పులో నెయ్యి కలిపిన ముద్ద."

"మాపటికో?"

"మాపటికి మజ్జిగన్నమే. అప్పుడేమీ ఉండదు."

"పిచ్చికి పూటలు తెలుస్తాయా తల్లీ?" అంది కృపమ్మ మెల్లగా. "మా అక్కను తొమ్మిదేండ్లు నేనొక్కదాన్నే చూసుకున్నా. ఆమె గోడతో మాట్లాడేది. కడాకు నేనూ ఆ గోడకు జవాబు చెప్పేదాన్ని! ఆ పొద్దు ఎవురన్నా నన్ను పది దినాలు పక్కన కూచోబెట్టి అన్నం పెట్టింటే... పోనీలే. నీకు నిద్ర కావాల. మీ అమ్మ కాడికి పోయి పదినాళ్లు పండుకోని రా."

"మరి ఆయన ముందర ఎవురు తింటారక్కా?"

కృపమ్మ ఆమె భుజం తట్టి మాత్రల సంచి అందుకుంది. తలుపు వెనక గాజుల్లేని చేయి ఒకటి గడియను పట్టుకుని ఉండటం ఇద్దరూ చూడలేదు.

కృపమ్మ వెళ్లగానే తులసమ్మ వంటింట్లోకి వచ్చి ఆ చిన్న కంచుగిన్నె దించింది. నెల రోజులుగా పుల్లయ్యకు నెయ్యి అందులోంచే, అదీ ఆయన కంటపడకుండా గౌరమ్మే వంటింట్లో ఆయన పప్పులో వేసి పంపేది! గరిటె కాడతో అడుగుదాకా గీరింది. పేరుకున్న నేతి కింద ముదురు రంగు మడ్డి బయటపడింది. వేలికి అంటించుకుని నాలుక మీద పెట్టుకుంది.

అదే చేదు!

తను పిచ్చిది కాదు... ఆ సంతోషం ఒక్క క్షణం. మరుక్షణమే తట్టింది. ఆయన చెప్పింది నిజం! నెల రోజులుగా ఆయన "కలిపినారు తులసీ" అంటూనే ఉన్నాడు. తను బిడ్డ తల మీద ఒట్టు వేస్తూనే ఉంది!

గుమ్మంలో గౌరమ్మ నిలబడి ఉంది.

"ఏందత్తా ఇది?"

"గట్టిగా అనొద్దే!" ముసలావిడ రెండు చేతులూ జోడించింది. "బండి ఆత్మకూరు కాడ ఒకాయన ఇచ్చినాడు. ఏదో చెట్టు వేరంట. నలభై దినాలు నేతిలో కలిపి పెడితే గాలి ఇడుస్తాదన్నాడు. ఎవురికన్నా చెప్తే పని చెయ్యదన్నాడు..."

"నేనూ తింటాండా గదత్తా రోజూ!"

"మందే గదా, నీకేమైతాదిలే అనుకుంటి. ఒక్క ముద్దే గదా, ఇంకో పది దినాల్లో అయిపోతాది గదా అని..."

"మరి వాసవికి ఒక్క చెంచా వేస్తే ఎందుకు గుంజుకుంటివి?"

మనవరాలికి పనికిరాదని గౌరమ్మ చేతులకు తెలిసిన మందు కొడుకుకు, కోడలికి మాత్రం ఎలా పనికొచ్చింది? ఆమె అలాగే గోడకు జారి నేల మీద కూలబడింది.

"నన్ను అమ్మా అని పిలిచి రెండేండ్లాయ తులసీ! నా చేతి నీళ్లు తాగడు. నా మొగం చూసి మొగం తిప్పుకుంటాడు. నిన్నొక్కదాన్నే నమ్ముతాండాడు. నీ మీద కుళ్లు పుట్టిందే నాకు! అందుకే ఎంగిలి ఎంగిలని నిన్ను తిడ్తి... ఒక్కసారి అమ్మా అంటాడేమోనని... విషం పెడతానా? కన్నదాన్ని నేను!"

తిట్టాలని ఉంది తులసమ్మకు. రెండేళ్ల మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. కానీ ఆ జోడించిన చేతులు చూస్తే... కొడుకు పిలుపు కోసం తెలివి తప్పిన చేతులు! ఒక్క మాటే అంది.

"బిడ్డ తల మీద ఒట్టేసినానత్తా. అబద్ధపు ఒట్టు..."

వీధి చివర మిల్లు చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దంలో అత్తాకోడళ్లిద్దరూ ఒకే గోడకు ఆనుకుని, ఏదో వినపడుతుందేమో అన్నట్టు చాలాసేపు కూర్చున్నారు.

తెల్లవారితే తొలి ఏకాదశి. గౌరమ్మ భర్త పోయినప్పటినుంచి పంతొమ్మిదేళ్లుగా ఏకాదశినాడు మెతుకు ముట్టలేదు. మగవాళ్లకూ పిల్లకూ వంట మాత్రం తప్పదు. మధ్యాహ్నం విస్తళ్లు వేశారు. పుల్లయ్య గోడ వైపు జరిగి కూర్చున్నాడు. నాగేశ్వరరావు ఎదుట, వాసవి పక్కన. కంచుగిన్నె ఎక్కడా కనపడలేదు. దాన్ని పొద్దున్నే గౌరమ్మ బూడిదతో మూడుసార్లు తోమి ఎండలో బోర్లించింది.

తులసమ్మ అలవాటుగా భర్త విస్తరి ముందు కూర్చోబోయింది. అత్త ఆమె భుజం పట్టి ఆపింది. ఆ చోటులో తాను కూర్చుంది.

"పుల్లయ్యా... అన్నంలో ఏదో ఉందంటివే... అది నిజం నాయనా. నేనే కలిపినా. నేతిలో. నీకు నయమైతాదని కలిపినా. నీ పెండ్లానికి తెలీదు. ఆమె ఒట్టులో తప్పు లేదు, తప్పు నాది."

పుల్లయ్య తల ఎత్తాడు. ఆ చూపు తల్లి ముఖం మీద ఆగింది. అందులో కోపం లేదు... చాలా దూరం నడిచి వచ్చినవాడి అలసట ఉంది. "నేను చెప్పినా గదా" అన్నాడు మెల్లగా. ఒక్కసారే.

తులసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గౌరమ్మ చేయి చాచి, కొడుకు విస్తట్లో పప్పన్నం కలిపి, ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకుంది.

"అమ్మా! ఏకాదశమ్మా ఈ పొద్దు!" నాగేశ్వరరావు పీట మీదనుంచి సగం లేచాడు. "ఎంగిలి కూడానూ..."

"కూచోరా! వీనికి పండ్లు రాకముందు నేను నమిలి పెట్టిన ముద్దలు తిని పెరిగినాడు. అప్పుడు లేని ఎంగిలి ఇప్పుడు యాడనుంచొచ్చె?"

ముద్ద నోట్లో పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ల నోము! నెమ్మదిగా నమిలింది. మింగింది. నోరు తెరిచి కొడుక్కి చూపించింది, చంటిపిల్లలు చూపించినట్టు.

"లెక్కబెట్టు నాయనా. నూరు కాదు, రెండు నూర్లు లెక్కబెట్టు. నేను యాడికీ పోను." తర్వాత తల తిప్పకుండానే పెద్ద కొడుకుతో అంది. "నాగేశ్వరరావూ, విను. వీడు ఏ మఠానికీ పోడు. ఆ నర్సమ్మ ఇచ్చే మాత్రలు తప్ప ఇంకేదీ ఈ ఇంట్లోకి రాదు. రేపు మొదటి బస్సుకు తులసి, పిల్ల ఆళ్లగడ్డకు పోతాండారు. పదినాళ్లు ఉంటారు. నువ్వే దగ్గరుండి బస్సెక్కించు. ఈ పొద్దునుంచి వీని విస్తట్లో మొదటి ముద్ద నాది. నేను లేనప్పుడు నీది."

నాగేశ్వరరావు తల్లి ముఖం చూసి తల దించుకున్నాడు.

పుల్లయ్య పెదవులు కదలడం మొదలైంది. తల్లి ముఖం మీదనుంచి చూపు తిప్పకుండా లెక్కబెడుతున్నాడు. తొంభై, నూరు దాటాయి. ఆయన చేయి కదలలేదు. వాసవి కూడా పెదవులు కదుపుతూ లెక్కబెడుతోంది. తులసమ్మ దగ్గరికి వెళ్లి దాని నోటి మీద మెత్తగా చెయ్యి ఉంచింది.

"నువ్వొద్దు తల్లీ" అంది. "నువ్వు తిను."