ఆపరేషన్ కొండెక్కిన దీపం

హైదరాబాదులో చీఫ్ గోపాలరావు గదిలో పగలు పదకొండింటికి పద్నాలుగు లైట్లు వెలుగుతున్నాయి. కిటికీలకు దళసరి కర్టెన్లు. ఏసీ పద్దెనిమిది మీద ఉంది. ఆ చలికి శాలువా కప్పుకుని ఆయన గ్రీన్ ఎనర్జీ గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు.

"దేశానికి వెలుగు ముఖ్యం, బ్రహ్మం."

ఏజెంట్ బ్రహ్మం తలూపాడు. పన్నెండేళ్ళ సర్వీసులో అతను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

"టార్గెట్ విక్టర్ హాల్డెన్. విదేశీ ముఠా నాయకుడు. పిడుగురాళ్లలో సోలార్ కంపెనీ బోర్డు పెట్టి పల్నాడంతా పదకొండు వేల ఇన్వర్టర్లు అమ్మాడు. చవక. ఎందుకంత చవకో ఒక్కడూ అడగలేదు."

"ఎందుకు సార్?"

"ప్రతి డబ్బాలోనూ కిల్ స్విచ్ ఉంది. పదిహేనో తారీకు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఒకే ఒక్క ఆర్డర్. అన్నీ ఒకేసారి మాడిపోతాయి. జనం సోలార్‌ను బూతులు తిడతారు. అప్పుడు వీడొచ్చి పాతికేళ్ళ డీజిల్ కరెంటుకు కాంట్రాక్టు రాయించుకుంటాడు. ఆర్డర్ పంపే కీ వాడి ఆఫీసులోనే ఉంది. వేలెడంత ఉంటుంది. అది లాగేస్తే వాడి పని గోవిందా."

"లోపల మనవాళ్ళున్నారా?"

"ఉజ్వల. వాడి మార్కెటింగ్ మేనేజర్. వాడి దగ్గరా జీతమే, మన దగ్గరా జీతమే. నిజానికి ఎవరి మనిషో దేవుడికే తెలియాలి. కీ చేతికొస్తే 'దీపం వెలిగింది' అని ఫోన్ చేస్తుంది. రాకపోతే 'దీపం కొండెక్కింది' అంటుంది. కోడ్ నేనే రాశాను."

రాసినందుకు మురిసిపోయి కూడా చూపించాడు మహానుభావుడు. ఇనుము కోసే లేజర్ పెన్ను ఒకటి చేతిలో పెట్టి పంపించాడు.

పిడుగురాళ్లలో బ్రహ్మం వేషం ఎల్ఈడీ బల్బులు రిపేరు చేసేవాడిది. భుజాన సంచీ, చేతిలో టెస్టర్. సున్నపు బట్టీల వెనక వీధిలో రత్తమ్మ ఇంటి వసారా అద్దెకు తీసుకున్నాడు. రత్తమ్మ మొగుడు నాగులు ముప్పై ఏళ్ళు బట్టీల్లో పనిచేశాడు. సున్నం అతని ఊపిరితిత్తుల్ని తినేసింది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషను, ముక్కుకు గొట్టం. పోయిన నెల గాలివానకు కరెంటు స్తంభం కూలింది, లైను వేసే నాథుడు లేడు. మిషను నడిచేది మిద్దె మీది సోలార్ పలకలతో. గోడకున్న ఇన్వర్టరు హాల్డెన్ అమ్మిన డబ్బా!

మొదటిరోజే బ్రహ్మం వసారాలో లైటు వేసుకుని కూర్చుంటే రత్తమ్మ వచ్చి టక్కున ఆపేసింది.

"పట్టపగలు బల్బెందుకయ్యా? తొమ్మిది వాట్లయినా కరెంటు కరెంటేగా. అది నా మొగుడు పీల్చాల్సింది."

గోపాలరావు గదిలోని పద్నాలుగు లైట్లు గుర్తొచ్చి బ్రహ్మానికి సిగ్గేసింది.

పద్నాలుగో తారీకు సాయంత్రం అతను మెల్లగా కదిపాడు. "ఈ డబ్బా పాడైతే ఎట్లా పిన్నీ?"

"పాడైతే పావుగంట మనిషంట. డాక్టరే చెప్పాడు."

"రేపొక్కరోజు బాబాయిని ఆస్పత్రిలో పెడదామా?"

"ఆడ మిద్దె మీదా ఇయ్యే డబ్బాలు. ఇంటికాడైతే మంచమన్నా మాది. అయినా నీకెందుకయ్యా ఇయ్యన్నీ? బల్బులు చూసుకో."

బ్రహ్మానికి ఒళ్ళు మండింది. చీఫ్ చెప్పిన పదకొండు వేలు అతనికి ఉట్టి అంకె. నాగులు ఎగశ్వాస అంకె కాదు.

పదిహేనో తారీకు ఉదయం పదిన్నరకు ఫోన్ మోగింది. ఉజ్వల గొంతు.

"దీపం కొండెక్కింది."

ఫోన్ కట్టయింది. అంటే కీ దొరకలేదు.

ఆ మాట విన్నది బ్రహ్మం ఒక్కడే కాదు. హాల్డెన్ ఊళ్ళోని ఫోన్లన్నీ దొంగచాటుగా వింటాడు. మూడు నెలలుగా పల్నాడు గాలి పీలుస్తూ మంచినీళ్ళని కూడా పలకడం నేర్చుకోలేదు. నేర్చుకోవడం నామోషీ. చెవిలో ఒక ట్రాన్స్‌లేటర్ పెట్టుకున్నాడు, భలే ఖరీదైంది. మనం దీపం ఆరిపోయిందని నోటితో అనం, కొండెక్కిందంటాం. అది ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది. ఎవరి మాటైనా తన మరగొంతుతోనే పలికే ఆ మిషను మాత్రం 'దీపం పర్వతం పైకి ఎక్కినది' అని శుభ్రంగా ఇంగ్లీషులో చెప్పింది.

హాల్డెన్ ఎగిరి పడ్డాడు. దీపమంటే లైటు మెరిసే తన కీ! ఎవరో దాన్ని మార్చేసి కొండమీదికి చేర్చారు! లాప్‌టాప్ పక్కన, స్టీల్ పెట్టె సందులోంచి కీ ఎప్పటిలాగే మినుకు మినుకుమంటోంది. అతను నమ్మలేదు. జన్మంతా డూప్లికేట్లు అమ్మినవాడికి కళ్ళెదుటి ఒరిజినల్ కూడా డూప్లికేటే.

"ఉజ్వలా! ఇక్కడ కొండ ఎక్కడుంది?"

ఉజ్వల నల్లకళ్ళద్దాలు జుట్టు మీదికి నెట్టుకుంది. చిత్రమేమంటే, ఆమెకు నవ్వు రాలేదు.

"కోటప్పకొండ సార్. గంట పైన ప్రయాణం. వందల మెట్లెక్కాలి."

ఘాట్ రోడ్డుందన్న సంగతి చెప్పలేదు. నాలుగు కార్లలో పన్నెండు మంది వస్తాదులతో హాల్డెన్ దుమ్ము లేపుకుంటూ పోయాడు.

ఇక కీ తనే లాగాలని హాల్డెన్ ఆఫీసుకు బయల్దేరిన బ్రహ్మాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ శ్రీమన్నారాయణ ఆపాడు. సంచీ చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"బల్బులోడివా? మా గదిలో మూడు పోయినయి. ముందు అయ్యి చూసి కదులు."

వెలుగులమ్మే కంపెనీలో వాచ్‌మన్‌కు వెలుగు లేదు! అనుమానం రాకుండా మూడూ బాగుచేసి, పని చూస్తానని మేడెక్కేసరికి పన్నెండూ ఇరవై ఆరు.

హాల్డెన్ గదిలో ఉజ్వల పిస్తోలు పట్టుకుని నిలబడి ఉంది. బ్రహ్మం చేతులెత్తాడు.

"కాల్చేదాన్నయితే గుమ్మంలోనే కాల్చేదాన్ని," అంది ఆమె చిరాగ్గా. "తలుపెయ్యి, ఏసీ పోతోంది."

"ఎవరి మనిషివి నువ్వు?"

"నరసరావుపేట వెంకటకృష్ణయ్య కూతుర్ని. ఈ డబ్బాలు మా నాన్న కొట్లో నాలుగొందలు అమ్మాడు, ఇరుగూ పొరుగుకే. ఇయి కాలితే హాల్డెన్ ఫ్లైటెక్కుతాడు, మీ చీఫ్ శాలువా కప్పుకుంటాడు. బజార్లో మొహం చూపించాల్సింది మేము. చూస్తావేంది? లాప్‌టాప్ ముట్టుకుంటే ఆర్డర్ ఇప్పుడే పోద్ది. కీ ఒక్కటే లాగాలి. ఆ పెట్టె నా వల్ల కాలేదు."

తెర మీద నాలుగు నిమిషాల లోపే ఉంది. బ్రహ్మం లేజర్ పెన్ను తీసి నొక్కాడు. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి' అని చిన్న అక్షరాలు మెరిశాయి. ఛీ! పెన్నును చెత్తబుట్టలోకి విసిరి, సంచీలోంచి టెస్టర్ తీశాడు. పెట్టెకు నాలుగు మరలు. రెండు తేలిగ్గా వచ్చాయి. మూడోది అరిగిపోయి ఉంది. టెస్టర్ జారింది. మళ్ళీ జారింది. చెమట కళ్ళలోకి దిగింది. పావుగంట మనిషి, పావుగంట మనిషి అని బుర్రలో ఒకటే మోత.

ఉజ్వల ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది. హాల్డెన్ రొప్పుతున్నాడు.

"ఇక్కడ బోలెడు దీపాలున్నాయి! ఏది?"

"ఇంకా పైకెక్కండి సార్," అని పెట్టేసింది.

పది సెకన్లు. ఇక మరలతో పనికాదని బ్రహ్మం టెస్టర్‌ను సందులోకి దూర్చి, కాలు గోడకు తన్నిపెట్టి, ఉన్న బలమంతా వేశాడు. రేకు వంగింది. రెండు వేళ్ళు దూరాయి. అంచు కోసుకుని రక్తం కారింది. కీ ఊడి చేతికొచ్చింది.

తెర మీద అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది.

కోటప్పకొండ మెట్ల మీద హాల్డెన్ పారిపోలేకపోయాడు. ఊపిరందక కూలబడ్డవాణ్ణి ఉజ్వల కబురందుకుని వచ్చిన పోలీసులు నీళ్ళు తాగించి మరీ పట్టుకున్నారు. గోపాలరావు ఫోన్ చేసి, "నా కోడ్ దెబ్బ చూశావా!" అన్నాడు. బ్రహ్మం ఫోన్ పెట్టేసి పరుగెత్తాడు.

రత్తమ్మ ఇంట్లో మిషను గురగురమంటోంది. నాగులు గుండె పైకీ కిందికీ ఆడుతోంది. బ్రహ్మం మంచం పట్టె మీద కూలబడి, ఏడుపొచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నాగులు కళ్ళు తెరిచి విసుక్కున్నాడు. "ఒరేయ్ బల్బులోడా, ఆ దరిద్రపు మిషను కాసేపు ఆపరా. బుర్ర తినేస్తంది."

పొయ్యి దగ్గర్నుంచి రత్తమ్మ తల కూడా తిప్పలేదు.

"అది ఆగితే నువ్వూ ఆగుతావు. నోర్మూసుకుని పీల్చు."