బరువుగదిలో నడక

హెల్మెట్ అద్దం మళ్లీ మసకేసింది. హైమవతి మట్టిలోంచి కాలనీకి నీళ్లు తీసే మంచుజల్లెడ మీట వదిలి, కళ్లు మూసుకుని నిలబడింది. మెడ దగ్గర మొదలైన వేడి చెవుల మీదుగా మాడుకి పాకింది. చంద్రుడి మీద ఎండ సోకని గొయ్యి అది. చుట్టూ గడ్డకట్టించే చలి. సూట్ లోపల మాత్రం ధారగా చెమట.

"శరీర ఉష్ణోగ్రత అసహజం. లోపలికి రండి," అంది కాలనీని నడిపే యంత్రం పాలిక, చెవిలో.

"ఈ వయసులో ఇది సహజమే. కాసేపట్లో తగ్గుతుంది."

ముట్లు ఆగిపోయినప్పటి నుంచి ఆమెకి సరైన నిద్ర లేదు. విరామం రాగానే కాళ్లీడ్చుకుంటూ బరువుగదికి చేరింది. కాలనీలో భూమి మీదున్నంత బరువు తెలిసేది తిరిగే ఆ గదిలోనే. అక్కడ నడవకపోతే ఎముకలు గుల్లబారతాయి. ఈ దశలో ఆడవాళ్లకి మరీ త్వరగా.

ఫిలోమినా, నూర్జహాన్ ఇసుకసంచులు భుజాన వేసుకుని అప్పటికే నడుస్తున్నారు. వంటశాలలో పనిచేసే సత్యవాణి మొదటిసారి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నాకంత ఇబ్బందేం లేదొదినా. ఊరికే చూద్దామని..."

"నడుస్తూ చూడు," అని హైమవతి ఓ చిన్న సంచి అందించింది.

కాస్త నడిచాక సత్యవాణి నోరు విప్పింది. "నిన్న మా ఆయన మీదకి గరిటె విసిరేశాను. ఉప్పెక్కువైందన్నాడంతే. నాకు పిచ్చెక్కుతోందేమో!"

"గరిటేనా? నేను కుక్కరు మూతే విసిరాను," అంది నూర్జహాన్. "ఇంట్లో బరువు తెలీదుగా, అది మెల్లగా తేలుతూ కిందపడేసరికి నా కోపం కూడా తగ్గిపోయింది."

సత్యవాణి ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడే పాలిక ప్రకటించింది. "రేపటి నుంచి సమూహ నడక రద్దు. మాటల వల్ల వేగం తగ్గుతోంది. ఎవరి వంతు వారికి విడిగా కేటాయిస్తాను."

ఫిలోమినా చెయ్యి తుంటి మీదకి పోయింది. పోయినేడు విడిగా నడవమన్నప్పుడు, బాధ చెప్పుకునే తోడు లేక ఆమె రావడమే మానేసింది. చివరికి దుప్పటి దులుపుతూ తూలిపడితే తుంటి విరిగింది.

"హైమవతీ, విరామం అయిపోయింది. జల్లెడ మీ అరచేతి ముద్ర కోసం ఆగి ఉంది."

హైమవతి గుమ్మం దాకా వెళ్లింది. ఇన్నేళ్లలో పాలిక పనికి పిలిస్తే ఆమె రానన్నది లేదు. రానన్నవాళ్లని భూమికి పంపేస్తారు. వెనక సత్యవాణి నడక ఆపేసి, సంచి దించబోతోంది. హైమవతి వెనక్కి వచ్చి ఆమె పక్కన నడవసాగింది.

మేస్త్రీ భానోజీ పరుగున వచ్చాడు. "అక్కా, జల్లెడ ఆగితే రేపటికి నీళ్లుండవు! ఏదైనా తర్వాత మాట్లాడుకోవచ్చు, రా."

"తర్వాత ఎవరితో మాట్లాడను భానోజీ? రేపట్నుంచి ఇక్కడ ఎవరి గోడ వాళ్లదేగా."

అతను ఫిలోమినా కుంటినడకని చూశాడు. గుమ్మంలోనే ఉండిపోయాడు.

"ఎప్పుడొస్తారు?" అని అడిగింది పాలిక. అది ఆజ్ఞాపించడమే తప్ప అడగడం అంతవరకూ ఎవరూ వినలేదు.

"ఈవిడ చెప్పుకోవడం అయ్యాక. రేపు కూడా అంతే."

గది తిరుగుతూనే ఉంది.

"రేపటి విడి వంతులు ఇంకా ఖరారు కాలేదు," అంది పాలిక చివరికి.

హైమవతి సత్యవాణి సంచి పట్టీ సరిచేస్తూ అడిగింది.

"చెప్పమ్మా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా నీకు?"