చిటికెన వేలిని వదిలెయ్యండి

“పరాయివాడు ఉన్నాడు” అని దుబాసీ మూడోసారి కూడా అదే మాట రాసింది. డాక్టర్ ఫణిభూషణ్‌కి చిర్రెత్తుకొచ్చింది. యంత్రాన్ని ఆపి, మళ్ళీ నడిపించి, సత్యవేణి చేతి నుంచి మరో చిన్న చర్మపు ముక్క తీసి అందులో పెట్టాడు. ఈసారి దుబాసీ ఇంకో మాట కలిపింది. “పరాయివాడు ఉన్నాడు. మగవాడు.”

దుబాసీ అంటే మరేం కాదు. మన ఒంట్లో కాపలా కాసే ఇమ్యూన్ సెల్స్ రసాయనాలతో మాట్లాడుకుంటాయి కదా, ఆ మాటల్ని తెలుగులో చెప్పే యంత్రం. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. మనుషుల మధ్య ఏది అనాలో ఏది అనకూడదో కూడా దానికి తెలియదు.

సత్యవేణిది నరసాపురం. లేసు అల్లి బతికిన మనిషి. కొన్నాళ్ళుగా ఆమె వేళ్ళు చెక్కలా బిగుసుకుపోతున్నాయి. స్క్లీరోడెర్మా అన్నారు. ఆ జబ్బులో, కాపలా సెల్స్‌లో ఒక రకమైన టీ సెల్స్ ఎక్కడా లేని గాయం ఉందనుకుని గోల పెడతాయి. ఆ గోల విని ఫైబ్రోబ్లాస్ట్‌లనే మరో రకం సెల్స్ పరిగెత్తుకొచ్చి, కొల్లాజెన్ అనే గట్టి పీచు పోసి గాయం పూడుస్తాయి. గాయమే లేనిచోట ఎంత పూడిస్తే తీరుతుంది? పాపం, అవి పూడుస్తూనే ఉంటాయి. చర్మం అయిపోయి ఇప్పుడు ఊపిరితిత్తుల వంతు వచ్చింది. ఇలాగే వదిలేస్తే ఏడాది తిరిగేసరికి ఆమెకి ఊపిరాడదు. అసలీ గోల ఎందుకో సెల్స్‌నే అడుగుదామని దుబాసీ పెడితే, ఇదీ జవాబు.

“మీకు అబ్బాయిలున్నారా?” అనడిగాడు డాక్టరు.

“ఒక్కతే ఆడపిల్లండి” అన్నాడు ఆమె భర్త బులిరాజు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, మాట కాస్త గట్టి. “అయినా ఆ మగాడెవడండి? మా ఆవిడ చేతిలో వాడికేం పని?”

ఫణిభూషణ్ ఇబ్బందిగా సర్దుకున్నాడు. “కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ సెల్స్ కొన్ని తల్లి ఒంట్లోకి వస్తాయండి. ఏళ్ళ తరబడి ఉండిపోతాయి కూడా. టీ సెల్స్ వాటిని చూసే గొడవ పడుతున్నట్టున్నాయి. కానీ మీకు మగబిడ్డే లేనప్పుడు ఇవెక్కడివో నాకు బోధపడటం లేదు. యంత్రమే పొరబడిందేమో.”

బులిరాజు తలొంచుకున్నాడు.

“పొరబడలేదండి” అంది సత్యవేణి. “పాపకంటే ముందు ఒకడు పుట్టాడు. ఏడవలేదు.”

అలా పుట్టిన బిడ్డని తల్లికి చూపించలేదు. చూస్తే మనసులో ఉండిపోతాడని పెద్దవాళ్ళ భయం. బులిరాజే తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళాడు. పేరు పెట్టలేదు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడి ఊసెత్తలేదు.

“అయితే వాడు బతికే ఉన్నాడాండీ?” అందామె.

“వాడు కాదమ్మా. వాడి సెల్స్. అవీ కాసినే.”

“బతికున్నవేనా?”

“బతికున్నవే” అన్నాడు ఫణిభూషణ్. తాను చెప్పింది సైన్సో, ఇంకేదో అతనికే అర్థం కాలేదు. తనకి బాగా తెలిసిన దారి పట్టుకున్నాడు. వైద్యం వివరించాడు. చేతులకి గ్లవ్స్, ఛాతీకి పట్టీ. వాటిలోంచి దుబాసీ సెల్స్ భాషలోనే ఒక మాట చెబుతుంది, “వాడు మనవాడే” అని. అంతటితో గోల ఆగుతుంది.

“తర్వాత మీ మిషన్లో వాడు కనబడతాడాండీ?”

“కనబడడమ్మా. సెల్స్ చెబితేనే కదా దీనికి తెలిసేది. మనవాడే అనుకున్నాక అవింక ఆ మాటెత్తవు.”

“మా ఇంట్లో లాగే” అంది సత్యవేణి.

బులిరాజు, “ఊపిరాడక పోతావే, ఒప్పుకో” అన్నాడు. అతని గొంతులో గట్టిదనం పోయింది.

“ఇన్నాళ్ళూ వాడున్నాడన్నవి ఇవొక్కటేనయ్యా” అందామె వేళ్ళు చూసుకుంటూ. తర్వాత డాక్టరు వైపు తిరిగింది. “కుడిచేతి చిటికెన వేలిని వదిలెయ్యండి. లేసుకి దాంతో పనిలేదు.”

“అక్కణ్ణుంచి జబ్బు మళ్ళీ పాకితే?”

“పాకితే మళ్ళీ వస్తానండి.”

ఏ రోగీ ఇలాంటిది అడగగా ఫణిభూషణ్ వినలేదు. గ్లవ్‌కి ఒక వేలు కత్తిరించాడు.

కొన్ని నెలలకి సత్యవేణి మెట్లన్నీ ఆగకుండా ఎక్కి పరీక్షకి వచ్చింది. లేసు మళ్ళీ అల్లుతోంది. “అందరూ మనవాళ్ళే” అని రాసింది దుబాసీ. చిటికెన వేలు మాత్రం వంగలేదు. దుబాసీ విజయాలు లెక్కగట్టే పెద్దలు దాన్ని యంత్రంలోని లోపమన్నారు. ఫణిభూషణ్ వాళ్ళకి చెప్పబోయి మానేశాడు.

బయట రోడ్డు దాటేటప్పుడు బులిరాజు భార్య చెయ్యి పట్టుకోబోయి, ఆ ఒక్క వేలే పట్టుకున్నాడు. అవతలి వైపుకి చేరాక కూడా వదల్లేదు.

“వాడి ముక్కు అచ్చం నీదేనే” అన్నాడు. “ఆ రోజు నేను చూశాను.”